ట్యాంకర్ ఉంది, పంపు లేదు

ఎండలు ముదిరాయంటే పల్లెల్లో నిప్పు భయం మొదలవుతుంది. చెరువులు అడుగంటుతాయి, బోర్లు సన్నగిల్లుతాయి. యాసంగి వరి కోసిన గడ్డి ఇంటి ముందుకు చేరుతుంది. మధ్యాహ్నం అయ్యేసరికి వడగాలి లేస్తుంది. కాలేదంతా ఎండి సిద్ధంగా ఉంటుంది, ఆర్పే నీళ్ళు మాత్రం దొరకవు. ఈ నాలుగు నెలల్లో ఈ పేజీలో మళ్ళీ మళ్ళీ అచ్చయ్యే వాక్యం ఒకటుంది: “అగ్నిమాపక సిబ్బంది వచ్చేసరికే అంతా కాలి బూడిదైంది.” ఊరి పేరు మారుతుంది, బాధితుని పేరు మారుతుంది, నష్టం అంకె మారుతుంది. ఆ వాక్యం మాత్రం ఏళ్ళ తరబడి మారడం లేదు.

ఇందులో సిబ్బందిని తప్పుపట్టడానికేమీ లేదు. లెక్క వేసి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఫైర్ స్టేషన్ 25 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. ఎవరో తేరుకుని 101కి గాని, 112కి గాని ఫోను చేయాలి. ఊరు పేరు చెప్పాలి, అదే పేరుతో ఇంకో ఊరు ఉంటే అది కాదని చెప్పాలి, దారి చెప్పాలి. నీళ్ళ బరువుతో ఉన్న శకటం మన రోడ్ల మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చిందనుకున్నా దారిలోనే 37 నిమిషాలు దాటుతుంది. ఎండిన తాటాకుల పాక పావుగంటలో కూలుతుంది. గడ్డివాము పైపొర అంటుకోవడానికి ఆ మాత్రం సేపు కూడా అక్కరలేదు. కేంద్ర హోంశాఖ ఏర్పాటు చేసిన స్థాయీ అగ్నిమాపక సలహా సంఘం పట్టణాలకు 5 నుంచి 7 నిమిషాలు, గ్రామాలకు 20 నిమిషాలు గడువు పెట్టింది. ఆ 20 నిమిషాల గడువు నిలబెట్టుకున్నా మన పాక నిలబడదు.

కనుక మొదటి అరగంట ఊరిదే. ఆ అరగంటలో ఊరి చేతిలో ఏముందన్నదే అసలు ప్రశ్న. బిందెలు, బొక్కెనలు, వేపమండలు, అరుపులు. ఇంతకు మించి చాలా ఊళ్ళలో ఏమీ లేదు.

దీనికి ఒక మూలం రాజ్యాంగంలోనే కనిపిస్తుంది. 1992లో ఆమోదం పొందిన 73, 74 సవరణలతో పంచాయతీలకు 11వ షెడ్యూలు, పురపాలక సంఘాలకు 12వ షెడ్యూలు వచ్చాయి. పట్టణాల జాబితాలోని 18 అంశాల్లో అగ్నిమాపక సేవలు 7వది. పల్లెల జాబితాలో 29 అంశాలున్నాయి. తాగునీరు ఉంది, రోడ్లున్నాయి, గ్రంథాలయాలున్నాయి, సంతలు కూడా ఉన్నాయి. అగ్నిమాపక సేవ లేదు. పల్లెల్లో నిప్పంటుకోదని అనుకున్నారో ఏమో! జాబితాలో లేనిదానికి పద్దు ఉండదు, పద్దు లేనిదానికి సామాను రాదు, సామాను లేనిచోట శిక్షణ మాటే రాదు.

అయినా ఒక మంచి పని జరిగింది. 2019లో మొదలైన పల్లె ప్రగతి కింద తెలంగాణలోని 12 వేలకు పైగా గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ళ ట్యాంకరు సమకూరాయి. చెత్త ఎత్తడానికి ట్రాలీ, మొక్కలకు నీళ్ళు పోయడానికి ట్యాంకరు అన్నది ఉద్దేశం. మొక్కల సంగతి ఎలా ఉన్నా, ప్రతి ఊళ్ళోనూ కొన్ని వేల లీటర్ల నీళ్ళు మోయగల బండి ఒకటి వచ్చి నిలబడింది. పట్టణం నుంచి వచ్చే మామూలు ఫైరింజన్‌లో పట్టే నీళ్ళు 4,500 లీటర్లు. మన పంచాయతీ ట్యాంకర్లు చాలావరకు దానికి కొంచెం అటూ ఇటూగానే ఉంటాయి. అంటే ఫైరింజన్‌లో సగం మన ఊళ్ళోనే ఉన్నది. లేనిది రెండో సగం, నీళ్ళను తోసే పంపు.

ట్యాంకరు కింది వాల్వు తిప్పితే నీళ్ళు వస్తాయి గదా అని కొందరంటారు. వస్తాయి, మొక్క మొదట్లో పోయడానికి సరిపోయేలా వస్తాయి. మనిషి ఎత్తున ఉన్న ట్యాంకు నుంచి పడే నీరు ఇంటి కప్పు ఎక్కదు. నీళ్ళు దొడ్డిలో పారుతుంటే నిప్పు పైన మండుతూనే ఉంటుంది. చివరికి ట్యాంకరు దగ్గర బిందెలు పట్టుకుని వరుస కట్టాల్సి వస్తుంది. నిండు ట్యాంకరు వచ్చి నిలబడ్డా ఇల్లు దక్కని సందర్భాలు ఇలాగే ఏర్పడతాయి.

ఆ పంపు ఎలాంటిది కావాలి? మంటలార్పడానికని భారతీయ ప్రమాణాల సంస్థ కొలతలు నిర్ణయించిన చిన్న పంపుసెట్టు ఒకటుంది. నిమిషానికి 275 లీటర్లు తోస్తుంది. ఇద్దరు ముగ్గురు ఎత్తి ట్రాలీలో పెట్టగలరు. 4 వేల లీటర్ల ట్యాంకరుకు దాన్ని తగిలిస్తే దాదాపు పావుగంట ధారగా కొట్టవచ్చు. బిందెలతో మోస్తే ఆ పావుగంటలో ఊరంతా కలిసినా అన్ని నీళ్ళు మంట మీద పడవు. అంత స్తోమత లేని పంచాయతీ రైతులు వాడే పెట్రోలు పంపునైనా కొనవచ్చు. దాని నీటి రాశి ఎక్కువ, ఒత్తిడి తక్కువ. సన్నటి నాజిల్ బిగిస్తే ఒక అంతస్తు ఇంటి కప్పు దాకా అందుతుంది. అది అగ్నిమాపక పంపుకు సాటి రాదు గాని బొక్కెన కన్నా వెయ్యి రెట్లు నయం.

ఒక్కటి మాత్రం మరువకూడదు. ఆ పంపు కరెంటుది కాకూడదు. ఇల్లంటుకున్నప్పుడు మొదట చేయవలసిన పని ట్రాన్స్‌ఫార్మరు దగ్గర కరెంటు ఆపించడం. కరెంటు ఆగితే ఊళ్ళో బోర్లన్నీ ఆగుతాయి. మోటారు వేసి నీళ్ళు పట్టుకుందామని నమ్ముకున్న ఊరికి సరిగ్గా అవసరమైన గడియలో చుక్క దొరకదు. అందుకే ఇంజను పంపు కావాలి, అందుకే వేసవిలో ట్యాంకరు రాత్రిపూట నిండుగా ఉండాలి. పొద్దున మొక్కలకు పోసినా, సాయంత్రం నిలబెట్టేముందు మళ్ళీ నింపి నిలబెట్టాలి. టైర్ల మీద బరువు పడుతుందనుకుంటే ఇరుసు కింద దిమ్మలు పెట్టుకోవచ్చు. నిండా నింపమనడానికి ఇంకో కారణం ఉంది. సగం నిండిన ట్యాంకరును తొందరలో మలుపు తిప్పితే నీళ్ళు ఒక పక్కకు ఊగి బండి బోల్తా పడే ప్రమాదం ఎక్కువ. ఆ సంగతి డ్రైవరుకు ముందే చెప్పి ఉంచాలి.

ఇదంతా మనం కొత్తగా కనిపెట్టే విద్య కాదు. జర్మనీలో పల్లెలను కాపాడేది జీతాల సిబ్బంది కాదు, ఊరివాళ్ళే. రైతు, వడ్రంగి, బడిపంతులు, ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ కూత వినిపించగానే పరుగెత్తుకొస్తారు. అక్కడి చిన్న ఊళ్ళకు చాలాకాలం ఉన్న బండి ఏమిటో తెలుసా? ట్రాక్టరు వెనుక తగిలించి లాగే చిన్న ట్రైలరు. అందులో నలుగురు మోసే పంపు, సక్షన్ గొట్టాలు, చుట్టచుట్టిన డెలివరీ గొట్టాలు, నాజిళ్ళు, కొన్ని పనిముట్లు. అంతే. ఆ పంపుల్లో బాగా వాడుకలో ఉన్న రకం నిమిషానికి 800 లీటర్లు తోడేది. నీళ్ళ ట్యాంకు కూడా ఉండేది కాదు. ఊరి కుంటలోకి గొట్టం దించి కొట్టేవారు. ఇప్పుడు చాలా ఊళ్ళలో దాని స్థానంలో చిన్న వ్యాన్లు వచ్చాయి. అయినా మొదలు అక్కడే. మనకు ట్రాక్టరూ ఉంది, దానికి తోడు ట్యాంకరూ ఉంది. వాళ్ళ మొదటి మెట్టు కన్నా ఒక మెట్టు పైనే ఉన్నాం. పంపు ఒక్కటీ వాళ్ళ దగ్గరుంది, మన దగ్గర లేదు.

అమెరికా పల్లెల్లోనూ ఇదే పద్ధతి. 2020 లెక్కల్లో అక్కడి అగ్నిమాపక సిబ్బందిలో నూటికి 65 మంది స్వచ్ఛందంగా పనిచేసేవారే. ఈ ఆచారానికి ఆద్యుల్లో ఒకరు బెంజమిన్ ఫ్రాంక్లిన్. 1736లో ఫిలడెల్ఫియాలో ఆయన, ఆయన మిత్రులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ప్రతి సభ్యుడూ తన ఇంట్లో తోలు బొక్కెనలు, ఇంటి సామాను నింపి బయటకు మోసే సంచులు సిద్ధంగా ఉంచాలన్నది నియమం. సంచుల సంగతి గమనించండి. ఇల్లు దక్కకపోయినా పెట్టె, పత్రాలు దక్కాలన్న ముందుచూపు అది. మన ఊళ్ళో ఇల్లు కాలినవాణ్ణి అడిగితే, కప్పు కన్నా ఎక్కువ ఏడిపించేవి పట్టాదారు పాస్‌పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, మిర్చి అమ్మి తెచ్చిన డబ్బు, కూతురి పెళ్ళికని కొన్న బంగారం అని చెబుతాడు.

అక్కడి పల్లె దళాల పనిలో మనకు బాగా పనికివచ్చేది ఇంకొకటుంది. పల్లెల్లో కుళాయి స్తంభాలుండవు కనుక నీళ్ళు తెచ్చే ట్యాంకరు వేరు, కొట్టే ఇంజను వేరు. మంట దగ్గర మడత విప్పి నిలబెట్టే గుడ్డ తొట్టి ఒకటి పరుస్తారు. ట్యాంకరు వచ్చి అందులో నీళ్ళు గుమ్మరించి, ఆగకుండా మళ్ళీ నింపుకు రావడానికి వెళ్ళిపోతుంది. పంపు ఆ తొట్టిలోంచి తోడి కొడుతూ ఉంటుంది. ధార తెగదు. మన ఊళ్ళో రైతుల సొంత ట్యాంకర్లు, పక్క ఊరి పంచాయతీ ట్యాంకరు కలిపితే రెండు మూడు అవుతాయి. నాలుగు మూలలా గడ్డి మోపులు గాని, ఇసుక బస్తాలు గాని పేర్చి పైన మందపాటి టార్పాలిన్ పరిస్తే తొట్టి అవుతుంది. గడ్డి మోపులైతే ముందు తడపాలని వేరే చెప్పనక్కరలేదు.

నీళ్ళు ఎక్కడ పట్టుకోవాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. పట్టణం నుంచి వచ్చిన ఫైరింజన్‌లోని 4,500 లీటర్లు, ధార గట్టిగా వదిలితే పది పన్నెండు నిమిషాల్లో అయిపోతాయి. ఆ తర్వాత సిబ్బంది అడిగే మాట ఒక్కటే: “నీళ్ళెక్కడున్నాయి?” అప్పుడు ఊరంతా నాలుగు దిక్కులు చూపిస్తుంది. చెరువు దగ్గరకు పెద్ద బండి దిగదు. వ్యవసాయ బావి లోతు. పంపు నీళ్ళను పీల్చే శక్తికి హద్దుంది, నిలువుగా ఏడు మీటర్లు దాటితే చెప్పుకోదగ్గ నీరు ఎక్కదు. ఈ సంగతి ఇంజనీర్ల కన్నా ముందు మన రైతుకే తెలుసు. అందుకే వెనుకటి రోజుల్లో బావి గోడకు గట్టు చెక్కి ఆయిల్ ఇంజన్‌ను కిందికి దించేవాడు. కనుక చెరువు కట్ట మీద బండి నిలిచే చోటు నుంచి నీళ్ళ లోపలికి, వేసవి మట్టానికి కూడా అందేలా, కొనకు జాలీ బిగించి ఒక పైపును శాశ్వతంగా పాతిపెడితే చాలు. అందులో తిరిగే సామాను ఏమీ ఉండదు, చెడిపోయేదీ తక్కువ. ఫైరింజన్ వచ్చి తన సక్షన్ గొట్టం తగిలించి తోడుకుంటుంది. అమెరికా పల్లెల్లో కుంటల గట్లమీద ఇలాంటివి కనిపిస్తాయి. మన ఓవర్‌హెడ్ ట్యాంకు కింద కూడా పెద్ద వాల్వుతో ఒక మూతి పెట్టించుకోవచ్చు. కరెంటు లేకపోయినా నీళ్ళు కిందికి దిగుతాయి.

ఇక్కడ చిన్నదే అయినా ప్రాణమంత విలువైన సంగతి ఒకటి చెప్పాలి. ఈ మూతులన్నిటికీ అగ్నిమాపక శాఖవారు వాడే కొలత కప్లింగులే బిగించాలి. వారి డెలివరీ గొట్టాల కప్లింగు 63 మిల్లీమీటర్లు. దుకాణంలో దొరికిన వ్యవసాయ పైపు జాయింటు బిగించుకుంటే మన పంపు మనకే పనికొస్తుంది గాని, ఫైరింజన్ వచ్చాక దాని గొట్టం మన మూతికి పట్టదు. 1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోర్ నగరం తగలబడినప్పుడు చుట్టుపక్కల నగరాల నుంచి ఫైరింజన్లు రైళ్ళమీద పరుగున వచ్చాయి. తీరా చూస్తే చాలామంది గొట్టాలు అక్కడి కుళాయిలకు సరిపోలేదు. చేతిలో సామాను పెట్టుకుని నిలబడాల్సి వచ్చింది. 1,500కు పైగా భవనాలు కాలిపోయాయి. ఆ తర్వాతే దేశమంతటా ఒకే కొలత ఉండాలన్న పట్టుదల బలపడింది. పంపు కొనేముందు దగ్గరి ఫైర్ స్టేషన్‌కు వెళ్ళి ఆ కప్లింగును ఒకసారి చేత్తో పట్టి చూసి రావడం మంచిది.

పంపూ ట్యాంకరూ కాక మిగిలినవి పెద్ద ఖర్చు లేనివి. పొడుగు గడకు బిగించిన ఇనుప కొక్కేలు నాలుగు. వీటి పని మంట మీద కాదు, పక్కింటి కప్పు మీద. గాలి వాలున ఉన్న పాక కప్పును సమయానికి లాగి పడేస్తే వరుసంతా బతుకుతుంది. ఇది మన పెద్దలు చేసిన పనే. ఇప్పుడు కొక్కేలు కనుమరుగై, ఆ ధైర్యం ఎవరు చేయాలన్న తగాదా మిగిలింది. ఎవరి కప్పు లాగాల్సి వస్తే వారికి ఊరు తిరిగి కప్పించి ఇస్తుందని గ్రామసభలో ముందే తీర్మానం చేసుకుంటే ఆ గడియలో తగాదా ఉండదు. రెండు నిచ్చెనలు, గొడ్డళ్ళు, పారలు, ఇసుక బొక్కెనలు, టార్చి లైట్లు, గొట్టాలు నాలుగైదు చుట్టలు. మిర్చి, మామిడి రైతుల పవర్ స్ప్రేయర్లను కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. వాటి నీరు తక్కువ, తుంపర సన్నం. పెద్ద మంటకు పనికిరావు గాని, పక్క కప్పులను తడిపి ఉంచడానికి, గడ్డివాము అంచులు తడపడానికి బాగుంటాయి. ముందు డ్రమ్మును శుభ్రంగా కడగాలి. పురుగుమందులు కొన్నిటిలో మండే ద్రావకాలు ఉంటాయి.

గడ్డివాము సంగతి వేరుగా చెప్పుకోవాలి. పైన మంట ఆరిందని ఇంటికి పోతే తెల్లవారుజామున మళ్ళీ లేస్తుంది. లోపల రగులుతూనే ఉంటుంది. కొక్కేలతో, పారలతో వామును విడగొట్టి, పొర పొరనూ తడపాలి. యంత్రంతో కట్టిన గడ్డి కట్టలు ఇంకా మొండివి, నీరు లోపలికి దిగదు. అసలు ఆ గడ్డి అంటుకునే తీరు కూడా మారింది. కట్టలు ఎత్తుగా పేర్చుకుని ట్రాక్టరు వస్తుంటే వేలాడే కరెంటు తీగ తగిలి అంటుకుంటున్నది. డ్రైవరుకు వెనుక ఏం జరుగుతున్నదో తెలియదు, మండుతున్న ట్రాలీతో ఊళ్ళోకి వచ్చేస్తాడు. తీగలు ఎత్తించే బాధ్యత విద్యుత్ శాఖది. ఎక్కడెక్కడ తీగలు వేలాడుతున్నాయో కోతలకు ముందే జాబితా రాసి ఇవ్వడం పంచాయతీ పని. ఇక పొలంలో వరి కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టి ఇంటికి పోయే అలవాటు గురించి ఎంత చెప్పినా తక్కువే. గట్టు మీది తాటిచెట్లు మాడిపోతే గీత కార్మికునికి పోయేది ఒక ఏడాది కల్లు కాదు. తాటి మళ్ళీ గీతకు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో నిప్పు పెట్టినవారికి తెలియనిది కాదు.

సామాను సంగతి ఇలా ఉంటే, మనుషుల సంగతి దానికన్నా చిక్కు. ట్రాక్టరు తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? చాలా ఊళ్ళలో ఈ ప్రశ్నకు వెంటనే జవాబు రాదు. కార్యదర్శి మండలానికి వెళ్ళారు, చెవి ఆయన బల్ల సొరుగులో ఉంది, సొరుగుకు తాళం ఉంది. ఇలాంటి ఊరికి బంగారు పంపు కొనిపెట్టినా దండగే. చెవి ఒకటి పంచాయతీలో, ఇంకొకటి పగలంతా తెరిచి ఉండే దుకాణంలో ఉండాలి. డీజిలు కనీసం పది లీటర్లు ట్యాంకులో మిగిలి ఉండాలి. డీజిలు బిల్లు పాసు కాలేదని ట్రాక్టరును మూలన పెట్టిన ఊళ్ళలో నిప్పు బిల్లు కోసం ఆగదు.

యువజన సంఘం కుర్రాళ్ళను దళంగా కూర్చాలని అందరూ అంటారు. బాగానే ఉంది. కాని మంట లేచేది ఎక్కువగా మిట్టమధ్యాహ్నం. ఆ వేళకు కుర్రాళ్ళు సగం మంది పట్నంలో, మిగతావారు చేనులో. అమెరికాలో కూడా ఈ చిక్కే వచ్చింది. ఊరివాళ్ళు ఉద్యోగాలకు దూరం పోవడంతో పగటిపూట పిలిస్తే వచ్చేవారు తగ్గారని అక్కడి దళాలు వాపోతున్నాయి. అందుచేత జాబితా రాసేటప్పుడు బలమైనవారు ఎవరని కాక, పన్నెండు గంటలకు ఊళ్ళో ఉండేవారు ఎవరని చూడాలి. కిరాణా దుకాణదారు, సైకిలు మోటారు మెకానిక్, హోటలు నడిపేవారు, ఆశా కార్యకర్త, మహిళా సంఘాల సభ్యులు. పంపు స్టార్టు చేయడానికి మోటారు మెకానిక్ కన్నా తగినవాడు ఎవరు? గొట్టం పరచడానికి, కరెంటు ఆపమని సబ్‌స్టేషన్‌కు ఫోను చేయడానికి, ముసలివారిని, పసిపిల్లలను బయటకు తేవడానికి ఆడవాళ్ళు తక్కువ పడరు. పిలుపుకు గుడి మైకో, మసీదు మైకో, పంచాయతీ మైకో వాడవచ్చు. కరెంటు ఆపితే మైకు కూడా ఆగుతుంది కనుక ఒక గంట గాని, డప్పు గాని ఉండాలి.

అయితే ఉత్సాహం ప్రమాదం కాకూడదు. తెగిపడిన తీగ మీదికి గాని, కరెంటు ఆపని ఇంటి మీదికి గాని ధార కొట్టరాదు. నీటి ధార గుండా కరెంటు కొట్టేవాడి చేతికే వస్తుంది. మంటల్లో వేడెక్కిన గ్యాస్ సిలిండరు దగ్గరకు పోరాదు. దూరంగా, గోడ చాటున నిలిచి దాన్ని తడిపి చల్లబరచాలే గాని, లాగబోయి ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు. నూనె మంటకు, పెట్రోలు మంటకు నీళ్ళు పనికిరావు, ఇసుక వేయాలి. ముఖానికి తడి తువ్వాలు కట్టుకుంటే పొగలో ఏమీ కాదన్న నమ్మకం చాలామందిది. తడిగుడ్డ మసిని కొంత ఆపుతుంది, పొగలోని విషవాయువును ఆపదు. కనుక పొగ నిండిన గదిలోకి గ్రామ దళం పోకూడదు. వాళ్ళ పని బయటి నుంచి నీళ్ళు కొట్టడం, పక్క ఇళ్ళు కాపాడటం. నైలాన్ చొక్కాలు వేసుకుని మంట దగ్గరకు రాకూడదు, నూలు బట్టలే మేలు. దళంలో పేరున్న ప్రతి ఒక్కరికీ ప్రధానమంత్రి సురక్షా బీమా ఉన్నదో లేదో పంచాయతీ చూడాలి. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన ప్రకారం ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాద మరణానికి 2 లక్షల బీమా. ఊరి కోసం పరుగెత్తేవాడికి ఊరు ఆ 20 రూపాయలు కట్టలేదా?

ఇది ప్రభుత్వం చేయవలసిన పని కదా, ఊరి నెత్తిన రుద్దుతారేమిటి అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. ప్రతి మండలానికి ఫైర్ స్టేషన్ కావాలన్న కోరికను వదలమని మేము చెప్పడం లేదు. రాష్ట్రాల అగ్నిమాపక శాఖల విస్తరణకు, ఆధునికీకరణకు కేంద్రం 2023లో 5 వేల కోట్ల రూపాయల పథకం ప్రకటించింది. అందులో మన జిల్లాకు ఏం వచ్చింది, ఏ మండలానికి ఏం పెట్టారన్నది ప్రజాప్రతినిధులు చెప్పాలి. అయితే మండల కేంద్రంలో స్టేషన్ వచ్చినా చివరి తండాకు బండి రావడానికి ఇరవై నిమిషాలు పట్టకమానదు. స్టేషన్ కోసం అడుగుతూనే పంపు కొనుక్కోవాలి. ఒకటి వస్తే రెండోది అక్కరలేదన్నది లేదు.

డబ్బు ఎక్కడిదన్న ప్రశ్నకు కూడా జవాబుంది. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం పారిశుద్ధ్యానికి, నీటికి ముడిపెట్టి, 40 శాతాన్ని స్థానిక అవసరాలకు విడిచిపెట్టింది. అలా ముడిలేని డబ్బు చేతికొచ్చినప్పుడు దానితో స్వాగత తోరణం కట్టాలా, పంపు కొనాలా అన్నది గ్రామసభ తేల్చుకోవలసిన విషయం. పెద్ద ఊళ్ళలో జిన్నింగు మిల్లులు, రైస్ మిల్లులు, శీతల గిడ్డంగులు ఉన్నాయి. వారి పత్తి, వారి బస్తాలు కూడా మన నిప్పుకు దూరంలో లేవు. గొట్టాలో, నాజిళ్ళో వారిని అడగడంలో తప్పులేదు. ఒంటరిగా మోయలేని చిన్న పంచాయతీలు మూడు కలిసి ఒక పంపు కొని, మధ్య ఊళ్ళో ఉంచుకోవచ్చు. కాని నాలుగో ఊరిని చేర్చుకోవద్దు. దూరం పెరిగితే మళ్ళీ మొదటి కథే.

అధికారులను మేము కోరేవి మూడే. జిల్లా అగ్నిమాపక అధికారి పంచాయతీలకు తగిన పంపు, గొట్టం, కప్లింగుల వివరాలు ఒక కాగితం మీద తెలుగులో అచ్చువేయించి పంపాలి. ఏది కొనాలో తెలియక దుకాణదారు అంటగట్టింది కొనే దుస్థితి తప్పుతుంది. జిల్లా పంచాయతీ అధికారి ఆ ఖర్చును ఆడిట్‌లో అభ్యంతరం లేకుండా రాసుకునే వీలు చూపాలి. ఈ భయం వల్లనే చాలామంది కార్యదర్శులు వెనుకంజ వేస్తారు. విద్యుత్ శాఖ ప్రతి ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె మీద సబ్‌స్టేషన్ ఫోను నంబరు పెయింటుతో రాయించాలి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో అదే తేదీన బొంబాయి రేవులో ఫోర్ట్ స్టైకిన్ అనే ఓడ పేలి, ఆర్పడానికి వెళ్ళిన సిబ్బందిలో 60 మందికి పైగా చనిపోయారు. ఆ ఓడలో మందుగుండుతోపాటు పత్తి బేళ్ళు కూడా ఉన్నాయి. ఆ వారంలో సిబ్బంది బళ్ళకు, ఆస్పత్రులకు వెళ్ళి ప్రదర్శనలు ఇస్తారు. వాటిలో కొన్నిటిని పట్టణం బయటకు తేవాలని, స్టేషన్‌కు అన్నిటికన్నా దూరంగా ఉన్న ఊళ్ళకు ముందు రావాలని కోరుతున్నాం. సర్పంచులు ఇప్పుడే స్టేషన్‌కు ఉత్తరం రాసి తేదీ అడగవచ్చు. ఆ రోజున పంచాయతీ ట్యాంకరును నిండా నింపి, ఎవరికీ ముందు చెప్పకుండా గంట కొట్టించి, ట్రాక్టరు ఊరి చివరి ఇంటికి చేరడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాసి పెట్టాలి. పంపు కొన్న ఊళ్ళు వారానికి ఒకసారి, సంత రోజునో మరో రోజునో, పది నిమిషాలు దాన్ని నడిపి ఆపాలి. నెలల తరబడి ముట్టుకోని ఇంజను ఎన్ని తాళ్ళు లాగితే అందుకుంటుందో రైతులకు మేము చెప్పనక్కరలేదు.